పది గజాల దూరంలో తొందరపడిన చేయి: నల్ల ఎలుగు వేట క్యాంపు నుంచి ఒక కేస్ స్టడీ

నేను టొరంటో పరిసరాల్లో సంప్రదాయ విలువిద్య నేర్పుతాను. చక్రాలు, గురి చూపే సైట్లు, ట్రిగ్గర్లు ఉండవు. కొసలు వంపు తిరిగిన రికర్వ్ విల్లు, పొడవాటి సాదా లాంగ్‌బో, వేళ్లకి రక్షణగా తోలు ట్యాబ్, మూడు వేళ్లు, అంతే. ఏటా మే నెలలో మూడు వారాలు సుపీరియర్ సరస్సుకి ఉత్తరాన ఉన్న ఒక వేట క్యాంపులో గైడ్‌గా పనిచేస్తాను. అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రైఫిల్‌తోనో చక్రాలున్న కాంపౌండ్ విల్లుతోనో వస్తారు. రికర్వ్‌తో వచ్చే ఒకరిద్దరిని నాకు అప్పగిస్తారు.

ఈ కేసులోని వ్యక్తి ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆయన పేరు, ఉద్యోగం, ఊరు, క్యాంపు వివరాలు తీసేశాను. సంవత్సరాలు కూడా చెప్పను, మొదటి వసంతం, రెండో వసంతం అంటాను. ఆయన విషయంలో నేను చేసిన పొరపాటు కోచ్‌లు తరచుగా చేసేదే. చేతిలో కనిపించిన లోపానికి కారణాన్ని కూడా చేతిలోనే వెతికాను. నేను వెతుకుతూ ఉండగా ఒక ఎలుగు గాయంతో అడవిలోకి వెళ్లిపోయింది. ఆ బాధ్యతలో సగం నాది.

నేపథ్యం

ఆయనకి నలభై అయిదు దాటాయి. ఉత్తరాంధ్ర మనిషి, కెనడా వచ్చి పదిహేనేళ్లు పైనే. నా దగ్గరికి వచ్చేసరికే నాలుగేళ్లుగా ఇండోర్ రేంజ్‌లో రికర్వ్ వేస్తున్నారు. ఇరవై గజాల దూరం నుంచి ఆరు బాణాలు వేస్తే ఆరూ ఒక సాసర్‌లో పట్టేటట్టు పడేవి. వేటగాళ్ల శిక్షణ కోర్సు పూర్తిచేసి లైసెన్సు తీసుకున్నారు. అప్పటికి ఏ జంతువు మీదా బాణం వేసింది లేదు.

మన వాళ్లలో వేట మాట ఎత్తితే ముందు వచ్చే ప్రశ్న "అది నేరం కాదా?" అని. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమే, మన ఎలుగు ఆ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. కెనడాలో మేముండే ఒంటారియోలో ఉన్నది వేరే జాతి, అమెరికా నల్ల ఎలుగు. ఈ ఒక్క రాష్ట్రంలోనే 85,000 నుంచి 1,05,000 వరకు ఉంటాయని ప్రభుత్వ అంచనా. లైసెన్సు, సీజన్, ట్యాగ్ (ఒక జంతువుని వేటాడే అనుమతి చీటీ) లెక్కల మధ్య వేట నడుస్తుంది. వసంతం సీజన్ మే 1 నుంచి జూన్ 15 వరకు. ఈ సీజన్‌ని ప్రభుత్వం 1999లో ఆపేసింది. తల్లులు చనిపోయి పిల్లలు అనాథలవుతున్నాయన్నది అప్పటి ప్రధాన అభ్యంతరం. 2014లో కొన్ని ప్రాంతాల్లో ప్రయోగంగా తిరిగి మొదలై, 2021లో శాశ్వతమైంది. వసంతంలో పిల్లల్ని గానీ, పిల్లలున్న తల్లిని గానీ చంపడం నేరం. ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, మా క్యాంపులో ఎలుగు కనిపించగానే విల్లు ఎత్తనివ్వరు. వెనకాల పొదల్లో పిల్లలు లేవని తేలాకే ఎత్తాలి. ఆ ఆగడం ఈ కేసులో చాలా ముఖ్యం.

మేము విల్లు కొలవడంతో మొదలుపెట్టాం. ఎలుగు వేటకి విల్లు బరువు, అంటే నారి లాగడానికి పట్టే బలం, 700 మిల్లీమీటర్ల లాగుడు దగ్గర కనీసం 22 కిలోలు, అంటే 48.5 పౌండ్లు ఉండాలని ఒంటారియో నిబంధన. బాణం ములుకు వెడల్పు కనీసం 22 మిల్లీమీటర్లు, పదునైన అంచులు రెండైనా ఉండాలి. ఆయన విల్లు మీద 28 అంగుళాల దగ్గర 50 పౌండ్లు అని రాసి ఉంది. కొక్కెం తక్కెడ తగిలించి 700 మిల్లీమీటర్ల దగ్గర చూస్తే 49. చట్టానికి సరిపోయింది. అయితే ఆయన చేయి పొట్టి, ఇరవై ఆరున్నర అంగుళాలే లాగుతారు. అక్కడ ఆయన వేళ్ల మీద నిజంగా పడుతున్నది 45 పౌండ్లు. ఇది తక్కువని చాలామంది అంటారు, నేను అనను. పదునున్న రెండు రెక్కల ములుకు, బరువైన బాణం, సరైన కోణం ఉంటే ఊపిరితిత్తుల గుండా అవతలికి పోవడానికి అది చాలు. మూడింటిలో ఏది తప్పినా చాలదు. మొదటి వసంతంలో మాకు మూడూ తప్పాయి.

మొదటి వసంతం

క్యాంపు పద్ధతి చాలామందికి తెలియదు కాబట్టి చెబుతాను. 45 గాలన్ల ఇనుప డ్రమ్ముని గొలుసుతో చెట్టుకి కట్టి, పక్కన చేయి పట్టేంత కన్నం కోస్తాం. లోపల ఎరగా ఓట్లు, హోటళ్లలో వాడేసిన నూనె, బెల్లపు పాకం లాంటి మొలాసిస్, పాత బేకరీ సరుకు వేస్తాం. డ్రమ్ము సుమారు 35 అంగుళాల ఎత్తు. నాలుగు కాళ్ల మీద నిలబడ్డ ఎలుగు వీపు డ్రమ్ము మీద ఎక్కడికి వస్తోందో చూసి దాని సైజు అంచనా కడతాం. ఎదురుగా చెట్టుకి స్టాండ్, అంటే వేటగాడు కూర్చునే సీటు, ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి ఎక్కితే, సూర్యాస్తమయం తరవాత అరగంట వరకు కదలకుండా కూర్చోవాలి. మే నెలాఖరుకి అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుతురు ఉంటుంది.

నాకు అప్పగించిన స్టాండ్ ఇరవై అడుగుల ఎత్తున, డ్రమ్ముకి పది గజాల దూరంలో ఉంది. కాంపౌండ్ వాళ్ల కోసం అంతకు ముందెప్పుడో కట్టింది. ఎత్తు ఎక్కువుంటే మనిషి వాసన కింద పడదని, ఎలుగు పైకి చూడదని ఆనవాయితీ. నేను దాన్ని అలాగే ఒప్పుకున్నాను. ఆయన దగ్గరి నుంచే వేయగలరు కాబట్టి పది గజాలు మంచిదే అనుకున్నాను.

లెక్క వేసి ఉంటే తెలిసేది. కూర్చున్న మనిషి భుజం నేల మీంచి ఇరవై మూడు అడుగులు. ఎలుగు ఊపిరితిత్తులు నేల మీంచి రెండు అడుగులు. మధ్య దూరం ముప్పై అడుగులు. బాణం దాదాపు 35 డిగ్రీల వాలున దిగుతుంది. అంత వాలులో రెండు ఊపిరితిత్తులూ తగలాలంటే వీపుకి దగ్గరగా, పైన గుచ్చుకోవాలి. కాస్త కిందకి దిగితే ఒకటే తగులుతుంది. ఒక ఊపిరితిత్తితో ఎలుగు చాలా దూరం పోగలదు. పైన చిల్లుపడి కింద చిల్లు పడకపోతే రక్తం లోపలే నిండుతుంది. బయటికి వచ్చే కాస్తనీ కొవ్వు మూసేస్తుంది, ఒత్తయిన బొచ్చు పీల్చేస్తుంది. లేడి వదిలినట్టు ఎలుగు నేల మీద రక్తపు దారి వదలదు. ఇవన్నీ నాకు అప్పుడూ తెలుసు. ఇంకొకరు కట్టిన స్టాండ్ ఎక్కేటప్పుడు తెలిసినవాటిని వాడలేదు.

మూడో సాయంత్రం, ఎనిమిదిన్నరకి, ఒంటరి మగ ఎలుగు వచ్చింది. చెవులు తల పక్కలకి జరిగి చిన్నగా కనిపించాయి, ముఖం వెడల్పు, నడక బరువు. పిల్లల ప్రశ్న లేదు. నేను వెనక చెట్టు మీద వేరే సీట్లో ఉన్నాను. అది డ్రమ్ము దగ్గరికి వచ్చి మాకేసి కొంచెం తిరిగి నిలబడింది. రొమ్ము మా వైపు. ఆ కోణంలో వేయకూడదని క్యాంపు మొదటి రోజే చెప్పాం. ఆయన విల్లు లేచింది, నారి కదిలింది, బాణం పోయింది. మొత్తం ఒక్క సెకను. పూర్తిగా లాగితే నారి నోటి మూలదాకా రావాలి, అది రానేలేదు.

బాణం భుజం ఎముక దగ్గర దిగి ఆగిపోయింది. ఎలుగు ఒక్కసారి గుర్రుమని ఆల్డర్ పొదల్లోకి దూకింది. గంట ఆగి దిగాం. ముప్పై గజాల దగ్గర విరిగిన బాణం వెనక సగం దొరికింది. ఆ తరవాత తొంభై గజాల దాకా ఆకుల మీద చుక్కలు, ఆ పైన ఏమీ లేదు. చీకట్లో గాయపడ్డ ఎలుగుని తరిమితే అది ఇంకా దూరం పోతుంది, చీకటి పడ్డాక వేయడానికి చట్టమూ ఒప్పుకోదు. వెనక్కి వచ్చేశాం. తెల్లవారుజామున వాన పట్టింది. అయిదుగురం ఒకటిన్నర రోజు ఆ చిత్తడి నేలంతా జల్లెడ పట్టాం. దొరకలేదు.

రక్తం కనబడితే ట్యాగ్ వాడినట్టే అని మా క్యాంపు నియమం. ఆయన వారం అక్కడితో అయిపోయింది. డబ్బు గురించి ఒక్క మాట అనలేదు. వెళ్లేటప్పుడు "దానికి చాలా నొప్పి ఉంటాది కదా మాస్టారూ" అన్నారు. ఉంటుందన్నాను. అబద్ధం చెప్పే విషయం కాదు అది.

ఆగస్టులో వచ్చిన సమస్య

మూడు నెలలు ఆయన విల్లు ముట్టుకోలేదు. ఆగస్టులో నా రేంజ్‌కి వచ్చారు. సమస్యని ఆయనే చక్కగా చెప్పారు: "లాగుతాను. ఆగుదామనుకుంటాను. ఈలోగా వేళ్లు వాటంతట అవే వదిలేస్తాయి."

విలుకాళ్లందరికీ దీని పేరు తెలుసు, టార్గెట్ పానిక్. గురి కంటికి ఆనగానే మెదడు 'అయిపోయింది' అనుకుని వేళ్లకి ఆజ్ఞ ఇచ్చేస్తుంది. మామూలుగా ఇది ఏళ్ల తరబడి స్కోరు కోసం వేసేవాళ్లలో మెల్లగా పెరుగుతుంది. ఆయనకి ఒక్క సాయంత్రంలో ముదిరింది. నేను ఆ తేడా దగ్గర ఆగి ఆలోచించాల్సింది. పేరు తెలిసిన జబ్బు కనిపించేసరికి తెలిసిన మందు ఇచ్చాను.

ప్రయత్నించినవి, పని చేయనివి

ముందు బరువు తగ్గించాం. ఆయన విల్లు విడదీసేది కాబట్టి అదే పిడికి 30 పౌండ్ల లింబ్స్ (విల్లుకి పైనా కిందా వంగే రెండు రెక్కలు) బిగించాను. బరువు మోయలేక వేళ్లు జారుతున్నాయేమో అన్న అనుమానం అలా తీరుతుంది. బరువు తగ్గినా తొందర తగ్గలేదు. కాబట్టి కండరం సమస్య కాదు.

తరవాత ఆరు వారాలు ఖాళీ గడ్డిమోపు. మూడు గజాల దూరం, గురి లేదు, అవసరమైతే కళ్లు మూసుకుని. నారి నోటి మూలకి రావాలి, వీపు బిగుసుకోవాలి, రెండు లెక్కపెట్టాక వదలాలి. ఇక్కడ ఆయన చాలా బాగా వేశారు. కాగితం గురి పెట్టాక కూడా నవంబరు నాటికి రెండు లెక్క నిలిచింది. లింబ్‌కి క్లిక్కర్ తగిలించాం, పూర్తిగా లాగాక అది టిక్కుమంటేనే వదలాలి. అదీ నిలిచింది.

బాణాలు కూడా మార్చాం. మొదటి వసంతంలో ఆయన వాడినవి 430 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బాణం బరువు కొలిచే చిన్న కొలత) తేలికపాటివి, మూడు రెక్కల ములుకుతో. రెండోసారికి 200 గ్రెయిన్ల రెండు రెక్కల ములుకు పెట్టి మొత్తం 580 గ్రెయిన్లకి తెచ్చాం. ముందు బరువు పెరిగితే బాణం కర్ర ఎక్కువ వంగుతుంది కాబట్టి గట్టి కర్రలు తీసుకుని, ఈకలు లేని బాణంతో మళ్లీ సరిచూశాం. బరువైన బాణం, ఎక్కువ ముందు బరువు, రెండు రెక్కలు అనే ఆలోచన ఎడ్ యాష్‌బీ ఏళ్ల తరబడి చేసిన చొచ్చుకుపోయే పరీక్షల వల్ల మా వాళ్లలో బాగా పాకింది. తక్కువ బరువు లాగే ఆయన లాంటి వాళ్లకి అది నిజంగా పనికొచ్చే జ్ఞానం.

డిసెంబరుకల్లా నేను సంతృప్తి పడిపోయాను. ఫోమ్ ఎలుగు బొమ్మ పెట్టాను, దాని మీద కూడా చక్కగా వేశారు.

అప్పుడు ఇంకో పని కోసం ఒకటి చేశాను. ఫోమ్ బొమ్మ మీద ఊపిరితిత్తుల చోట గీతలు ఉంటాయి, నిజం ఎలుగు మీద ఉండవు. పైగా పొట్ట కింద బొచ్చు వేలాడి శరీరం ఉన్నదానికన్నా కిందదాకా ఉన్నట్టు కనిపిస్తుంది, కొత్తవాళ్లు అందుకే కింద వేస్తారు. అది చూపిద్దామని బొమ్మ మీద ఒత్తు జూలున్న నల్ల కంబళి కప్పాను. లైట్లు తగ్గించాను. ఆయన్ని పిలిచి వేయమన్నాను.

లాగీ లాగకముందే బాణం పోయింది. రెండోదీ అంతే. మూడోసారి నేను బాణం వైపు కాకుండా ఆయన వైపు చూశాను. భుజాలు చెవులదాకా లేచాయి. ఊపిరి బిగపట్టారు. ఎడమ కాలు ఒక అంగుళం వెనక్కి జరిగింది. అది గురి కుదరని విలుకాడి కాలు కాదు, పారిపోవడానికి సిద్ధమైన మనిషి కాలు.

అడగాల్సిన ప్రశ్న

విల్లు పక్కన పెట్టించి, టీ ఇచ్చి, మొదటి రోజే అడగాల్సిన మాట అడిగాను. "అన్నా, మీరు చిన్నప్పుడు ఎలుగుని చూశారా?"

చూశారు. వాళ్లది ఉద్దానం వైపు. జీడి తోటలు, పనస, కొబ్బరి. ఆ తోటల్లోకి ఎలుగులు రావడం అక్కడ కొత్త కాదు. తెల్లవారుజామున తోటకి వెళ్లినవాళ్ల మీద పడి ముఖాలు చీల్చిన సంగతులు ఆ ఊళ్లలో ఇంటింటికీ తెలుసు. ఆయనకి తొమ్మిదేళ్లప్పుడు వరసకి పెదనాన్న అయ్యే ఒకాయన్ని అలాగే మంచం మీద మోసుకొచ్చారు. "కన్ను ఒక పక్క లేదు మాస్టారూ. ఆ మనిషి మాకు రోజూ జీడిపళ్లు పెట్టేవోడు." ఇంకేం చెప్పలేదు.

అంతా అర్థమైంది. కెనడాలో ఆయన ఎలుగు వేటకి ఎందుకు వచ్చారో, రైఫిల్ వద్దని విల్లే ఎందుకు పట్టారో కూడా. దగ్గరగా వెళ్లాలని ఆయన మొదట్లోనే చెప్పారు. నేను అది ఆట మీద ఇష్టం అనుకున్నాను.

మన ఎలుగు, ఇక్కడి నల్ల ఎలుగు ఒక తీరు జంతువులు కావు. మన ఎలుగు హఠాత్తుగా మనిషి ఎదురైతే మీద పడటానికే మొగ్గుతుంది. పులులతో కలిసి బతికిన జంతువు, అందుకే ఎదురు తిరగడమే దాని ఆత్మరక్షణ అని శాస్త్రజ్ఞులు అంటారు. అమెరికా నల్ల ఎలుగు భయపడితే సాధారణంగా పారిపోతుంది, లేదా చెట్టెక్కుతుంది. పళ్లు టకటకలాడించడం, బుసలు కొట్టడం చాలామటుకు బెదిరింపే. ఇదంతా ఆయనకి పుస్తకంలో తెలుసు, కోర్సులో మార్కులు కూడా వచ్చాయి. శరీరానికి మాత్రం తెలియదు. ఆయన శరీరానికి తెలిసిన ఎలుగు ఒక్కటే.

అంటే ఆ సాయంత్రం బాణం ఆత్రంతో వదిలింది కాదు, భయంతో తోసింది. రెంటికీ మందు ఒకటి కాదు. ఆత్రానికి ఖాళీ గడ్డిమోపు పనిచేస్తుంది. భయానికి పని చేయదు, గడ్డిమోపు ఎవరినీ భయపెట్టదు కాబట్టి.

తీసుకున్న నిర్ణయాలు

మొదట వేట మానేద్దామన్నాను. మాటవరసకి అనలేదు. జంతువుకి ఇంకోసారి ఆ గాయం చేసే హక్కు మనకి లేదు, మీకు దాన్ని నిరూపించుకోవాల్సిన అవసరమూ లేదని చెప్పాను. ఆయన వారం ఆలోచించుకుని, మానడం ఇష్టం లేదు, కానీ నేను 'వేయండి' అనేదాకా వేయనని మాట ఇచ్చారు. ఆ మాట మీదే మిగతాదంతా కట్టాం.

ఫిబ్రవరి నుంచి దించడం నేర్పాను. లాగిన నారిని వదలకుండా నెమ్మదిగా మళ్లీ ముందుకి ఇచ్చేయడం. మేం విలువిద్యలో వదలడానికి ఏళ్లు ఇస్తాం, దించడానికి పది నిమిషాలు కూడా ఇవ్వం. ఆయన కంబళి కప్పిన బొమ్మకి ఎదురుగా పూర్తిగా లాగి నిలబడాలి. అప్పుడు నేను 'వేయండి' అనో 'దించండి' అనో అంటాను. పదిలో ఏడుసార్లు దించండి అనేవాణ్ణి. మొదటి వారం దించమన్న పదిసార్లలో నాలుగుసార్లు బాణం వెళ్లిపోయింది. ఏప్రిల్ మధ్యకి ముప్పై లాగుళ్లలో ఒక్కటీ వెళ్లలేదు. దించడం ఎందుకంటే, లాగిన విల్లుకి రెండు దారులున్నాయని వేళ్లకి తెలిస్తే తప్ప వదలడం అన్నది నిర్ణయం అవ్వదు.

అదే సమయంలో ముఖానికి దోమతెర వేసుకునే వేయించాను. చిన్న విషయంలా కనిపిస్తుంది. మే రెండో సగానికి అక్కడ నల్ల ఈగలు కమ్మేస్తాయి, తెర లేకుండా కూర్చోలేరు. ఆ తెర నోటి మూల దగ్గర నారికి అడ్డం పడుతుంది, వేలు పెదవికి తగిలే గుర్తు పోతుంది. మొదటిసారి అడవిలో ఆ తేడా ఎదురైతే తొందర ఇంకా పెరుగుతుంది. తెరని దవడ దగ్గర బిగించి కుట్టించాం.

స్టాండ్ నేనే కొత్తగా కట్టాను. పది అడుగుల ఎత్తు, పద్నాలుగు గజాల దూరం, పక్కపక్కనే రెండు సీట్లు. వాలు 35 నుంచి దాదాపు 15 డిగ్రీలకి దిగింది. ఇంత తక్కువ ఎత్తులో ప్రమాదం కదా అని క్యాంపు యజమాని అడిగారు. ఇరవై అడుగులైనా ఎలుగు నుంచి రక్షణ కాదు, చెట్టెక్కడంలో మనకన్నా అదే దిట్ట. వాసన సంగతికి గాలి దిశ చూసుకుని కూర్చుంటాం. డ్రమ్ముకి రెండు వైపులా దుంగలు పేర్చి, ఎలుగు మాకు పక్కవాటుగా నిలబడితేనే కన్నం అందేటట్టు చేశాను. వేయగల కోణం కోసం వేటగాడు ఎదురుచూడటం కన్నా, ఆ కోణంలోనే నిలబడేలా చోటు తయారుచేయడం గైడ్ పని.

అన్నిటికన్నా కష్టంగా ఒప్పించింది ఆఖరిది: ఆరు సాయంత్రాల్లో మొదటి రెండు విల్లు లేకుండా కూర్చోవాలి. డబ్బు కట్టిన మనిషిని ఖాళీ చేతులతో చెట్టెక్కించడం ఏమిటని యజమానికి నచ్చలేదు. రెండు సాయంత్రాలు పోతే నాలుగు మిగులుతాయి, మొదటి వసంతంలోలా జరిగితే ఒక్కటీ మిగలదు అన్నాను.

రెండో వసంతం

చేరిన రోజే ఆయన ఆ ఆల్డర్ పొదల దగ్గరికి తీసుకెళ్లమన్నారు. ఇద్దరం రెండు గంటలు తిరిగాం. ఎముక కూడా దొరకలేదు. బతికిందో లేదో చెప్పలేను అన్నాను. తలూపారు.

మొదటి సాయంత్రం ఏడింటికి తల్లి, రెండు పిల్లలు వచ్చాయి. ఆయన చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకున్నారు, వణుకు నా సీటుదాకా తెలుస్తోంది. ఒక పిల్ల మా పక్కనున్న స్ప్రూస్ చెట్టు ఎక్కి, మా ఎత్తుకి వచ్చి, పన్నెండు అడుగుల దూరం నుంచి మమ్మల్ని చూసింది. తల్లి కింద నుంచి పళ్లు టకటకలాడించింది, బుస కొట్టింది. మేం కదల్లేదు. కాసేపటికి పిల్ల దిగింది. మూడూ నలభై నిమిషాలు తిని వెళ్లిపోయాయి. ట్రక్కులో కూర్చున్నాక ఆయన "మీద పడలేదేటి మాస్టారూ" అన్నారు, అంతే. దారి పొడవునా మాట లేదు.

రెండో సాయంత్రం ఒక కుర్ర ఎలుగు వచ్చింది. చెవులు పెద్దవి, తల చిన్నది. తిని, డ్రమ్ముకి ఆనుకుని, ముంగాళ్ల మీద తల పెట్టుకుని పడుకుంది. గంటన్నర. నేను దాన్ని కాక ఆయన్ని చూస్తూ కూర్చున్నాను. ఇరవై నిమిషాలకి భుజాలు దిగాయి. ఇంకో పావుగంటకి ఊపిరి మామూలైంది. ఆ తరవాత ఆయనంతట ఆయనే గుసగుసగా, ఏ కాలు ముందుకి వస్తే ఊపిరితిత్తులు బయటపడతాయో వేలితో చూపించడం మొదలుపెట్టారు. నాకు ఆ క్షణం పదును పెట్టిన ఏ ములుకుకన్నా విలువైంది.

మూడో సాయంత్రం విల్లు ఇచ్చాను. వాన, ఏమీ రాలేదు.

నాలుగో సాయంత్రం, చట్టబద్ధమైన వెలుతురు ఇంకో ఆరు నిమిషాలుందనగా పెద్ద మగ ఎలుగు వచ్చింది. వీపు డ్రమ్ము పై అంచు దాటుతోంది. అలాంటిది ఆ సీజన్‌లో మళ్లీ రాలేదు. పిల్లలు లేవు, పక్కవాటుగా ఉంది. "వేయండి" అన్నాను. ఆయన లాగారు. నారి నోటి మూలకి చేరేసరికి ఎలుగు దుంగ మీంచి మెడ చాపి మాకేసి తిరిగింది. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాను. ఆయన దించేశారు. నేను చెప్పలేదు. ఎలుగు ఇంకో నిమిషం తిరిగి చూసి, చీకట్లోకి నడిచిపోయింది. ఆయన విల్లు కొక్కేనికి తగిలించి చేతులు తుడుచుకున్నారు. వేళ్లు వణకలేదు.

అయిదో సాయంత్రం ఎనిమిది దాటాక మధ్య సైజు మగది. పది నిమిషాలు చూశాం, వెనక ఎవరూ లేరు. అది దుంగల మధ్యకి వచ్చి, మాకు దగ్గరి ముంగాలు ముందుకి వేసి, కన్నంలో తల దూర్చింది. నేను 'వేయండి' అన్నాక కూడా ఆయన ఇంకో మూడు ఊపిరులు తీసుకున్నారు. లాగారు, నిలిపారు, వదిలారు. బాణం అవతల మట్టిలో గుచ్చుకున్న చప్పుడు విన్నాం. ఎలుగు పరిగెత్తింది, పొద విరిగిన శబ్దం, ఆ తరవాత చనిపోయే ఎలుగు చేసే ఆ దీర్ఘమైన మూలుగు. మొదటిసారి విన్నవాళ్లు మరిచిపోలేరు. నలభై నిమిషాలు ఆగి దిగాం. అరవై గజాల దగ్గర పడి ఉంది. ఆయన పక్కన కూర్చుని చాలాసేపు బొచ్చు మీద చేయి పెట్టి ఉంచారు.

కోసేటప్పుడు ఊపిరితిత్తులు బయటికి తీసి ఆయనకి చూపించాను, రెండిట్లోనూ చిల్లు, బయటికి పోయిన చోటు శరీరం కింది మూడో భాగంలో. 15 డిగ్రీల వాలు అంటే ఏమిటో కాగితం మీద కన్నా అక్కడ బాగా అర్థమవుతుంది. మాంసం అంతా తెచ్చుకున్నాం. ఎలుగు మాంసంలో ట్రిచినెల్లా అనే పురుగు ఉండొచ్చు, చల్లటి ప్రాంతాల రకం ఫ్రీజర్‌లో పెట్టినా చావదు. అందుకే లోపలిదాకా 71 డిగ్రీలు దాటేలా ఉడికించాలి. మన ప్రెషర్ కుక్కర్ దీనికి నిక్షేపంలా పనికొస్తుంది.

నా పద్ధతిలో మారినవి

కోచ్‌గా ఇప్పుడు మొదటి గంటలో విల్లు ముట్టుకోనివ్వను. ఏ జంతువు, ఎందుకు, చిన్నప్పటి నుంచి దాని గురించి ఏం విన్నారు అని అడుగుతాను. ఇక్కడ పుట్టిన కుర్రాడు 'ఎలుగు' అనుకున్నప్పుడు కళ్లముందు కనిపించేది, ఉద్దానంలో పుట్టిన మనిషికి కనిపించేది ఒకటి కాదు. పులుల అడవి పక్కన, ఏనుగుల దారి పక్కన పెరిగిన మన వాళ్లు ఎంతమందో ఇక్కడ అడవుల్లోకి వస్తున్నారు. ఈ ప్రశ్న వాళ్లకి మరీ అవసరం.

సంప్రదాయ విల్లుతో వచ్చేవాళ్లకి ఇంకొకరి స్టాండ్ వాడను. ఎత్తు, దూరం కొలిచి, కోణం వేసి, 20 డిగ్రీలు దాటితే మళ్లీ కడతాను. దించడం మొదటి నెల పాఠంలో ఉంటుంది.

ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. రెండో వసంతంలో నేను బాణం, స్టాండ్, శిక్షణ, విల్లు లేని సాయంత్రాలు అన్నీ ఒకేసారి మార్చాను. ఏది ఎంత పనిచేసిందో ఈ ఒక్క కేసుతో విడదీసి చెప్పలేను. నాలుగో సాయంత్రం దించింది శిక్షణ వల్లేనని నా నమ్మకం. అయిదో సాయంత్రం చేయి నిలిచింది మాత్రం ఆ డ్రమ్ముకి ఆనుకుని గంటన్నర పడుకున్న కుర్ర ఎలుగు వల్లే అని ఆయన అంటారు.

విల్లు లేని తొలి సాయంత్రం ఇప్పుడు నా శిష్యులందరికీ ఉంది. క్యాంపు యజమాని దానికి ఒక సాయంత్రం అదనంగా ఇస్తున్నారు. పోయిన మే నెలలో భయం ఉన్న ఇంకో కొత్త శిష్యుడి పక్క సీట్లో నా బదులు ఆయనే కూర్చున్నారు, ఖాళీ చేతులతో.